కొమ్ము నాలుక గంట

మర్రిగూడ,
శనివారం.

సురేశ్ వాళ్ల బాపుకు అండాలు రాయునది. ఇక్కడ నేను, చౌటుప్పల్‌లో కొడుకూ కోడలూ, ఇంటి ముందర పడుకునే కుక్కా అందరం బాగానే ఉన్నాం. పుణెలో నువ్వూ బాగానే ఉంటావు. ఒళ్లు వంచే పని కాదు కదా, గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పని.

నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో అయితే ఇబ్బందైన మాట రాగానే నీకు సిగ్నల్ పోతుంది. అందుకే పెళ్లైన కొత్తలో లాగా నేనూ కాగితం పట్టాను. నా మోకాళ్ల గురించి అడిగావు. ఎప్పటిలాగే పట్టేస్తున్నాయి. ఇన్నేళ్లు తాగిన ఫ్లోరిన్ బోరు నీళ్లు, ఇప్పుడు నల్లా వచ్చిందని ఎముకల్లోంచి దిగిపోతాయా. పత్తికి పూత వచ్చింది. సురేశ్‌కు మందుల కంపెనీలో షిఫ్టు మారింది. ఇక గంట సంగతి. 'అటక మీద మూట భద్రమేనా, శుక్రవారం ఊదు వేస్తున్నావా, దసరాకు వచ్చి కొత్త పొట్టేలును కొని దానికి ఆ గంటే కడదాం' అని రాశావు. దానికి జవాబు కొంచెం పొడుగు. ఓపిక పట్టు.

ఈ మధ్య ఒకరోజు స్వరూప వచ్చి, "అత్తమ్మా, చౌటుప్పల్ల రోడ్డు మీద పాత సామాన్ల దుకాణం పెట్టిన్రు, గోడకు తగిలిచ్చేటిది ఏమన్న తెచ్చుకుందాం రా" అని తీసుకుపోయింది. మన ఇళ్లలోంచి పారేసిన వాటిని మళ్లీ మనమే కొనుక్కోవడానికి బస్సెక్కి పోవడం ఏమిటని అడిగితే, కోడలికి కోపం. సరే అని పోయాను.

అది ఒకప్పటి పత్తి గోదాం. ఒకే కప్పు కింద బోలెడు మంది బేరగాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కొక్క అర. లెక్క మాత్రం గడప దగ్గర ఒకే బల్ల మీద. కార్లలో దిగినవాళ్లు గుడికి వచ్చినట్టు మెల్లగా నడుస్తున్నారు. ఇసుర్రాయి మీద అద్దం పరిచి చాయ బల్ల చేశారు. ఎద్దు మూతికి కట్టే చిక్కంలో బల్బు పెట్టి వేలాడదీశారు. అన్నిటికంటే గొప్ప వింత, ఏ దొర ఉమ్మేశాడో తెలియని పీక్‌దాన్‌లో గులాబీలు పెడితే, ఒకావిడ ముక్కు దానిలోకంటా పెట్టి వాసన చూసింది. నేను చెబుదామనుకున్నాను. స్వరూప చెయ్యి గిల్లింది. ఇంకో అరలో ఒకడు కొత్త ఇత్తడి చెంబుకు బురద పూసి ముసలితనం తెప్పిస్తున్నాడు. మనకు ఉత్తపుణ్యానికి వచ్చిన ముసలితనానికి అక్కడ అంత గిరాకీ.

ఈ చదువుకున్నవాళ్లను చూసి నవ్వుకుంటూ ఉండగా వెనక ఒక చప్పుడు. టంగున కాదు, డొక్కుమని. నాకు కాళ్లు ఆగిపోయాయి.

తిరిగి చూస్తే నల్లకళ్లద్దాల అమ్మాయి ఒక గంటను ఊపుతోంది. "ఇది సరిగా మోగట్లేదు, పాడైపోయింది" అని పక్కన పడేసింది. నేను తీసుకుని లోపల వేలు పెట్టి చూశాను. ఇనుప నాలుక ఊడిపోతే మా మామ పాత పొట్టేలు కొమ్ము కొన కోసి కట్టాడే, అదే కొమ్ము నాలుక. ఆ మొద్దు చప్పుడుకే మన మంద ఎన్ని మందల్లో కలిసినా విడివడి వచ్చేది.

ఆ అర డానియల్ అనే ఆయనది. "గిది మీకు ఏడికెళ్లి వచ్చింది" అని అడిగాను.

"ఈ దిక్కుదేనమ్మా, మర్రిగూడది. పెద్దులు అని, గొర్ల మంద ఉండెనట. పుణె పోయే ముంగట గాయనే తెచ్చి ఇచ్చిపోయిండు."

"ఇంట్ల చెప్పి తెచ్చిండా?"

"నేను గూడ గదే అడిగిన. ఇంట్ల దీన్ని ఎవ్వరు దేకరు, కన్నెత్తి గూడ చూడరు, ఊకెనే అటుక మీద పడి ఉంటది అన్నడు."

స్వరూప నా మొహం చూసి, "అత్తమ్మా, పెద్దులు అంటే మా మామ గాదు గదా" అంది. "గా పేరు ఊరూరికీ ఉంటది, నడువు" అన్నాను. నాకు కోపం కంటే ముందు సిగ్గేసింది. నీ బదులు నేను సిగ్గుపడడం ఇదేమీ కొత్త కాదనుకో.

ఇంటికి వచ్చి అటక ఎక్కాను, ఈ మోకాళ్లతోనే. మందను అమ్మినా పెద్ద పొట్టేలు గంటను అమ్మకూడదని, గొంగడి ముక్కలో మూటగట్టి, మళ్లీ పొట్టేలు గడపకు వచ్చేదాకా ముడి విప్పకూడదని చచ్చేదాకా చెప్పింది మా అత్త. ఆ ముడి నేను విప్పనని నీకు తెలుసు. ఆ ధైర్యంతోనే కదా చేశావు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ప్రతి ఉత్తరంలో 'మూట భద్రమేనా' అని అడగడం ఒకటి. విప్పాను. లోపల బోరు మోటారుది ఊడిపోయిన ఇనుప ముక్క. ప్రతి శుక్రవారం తలస్నానం చేసి, నీ ఆయుష్షు కోసం, మంద కోసం నేను ఊదు వేసి దండం పెట్టింది ఆ తుప్పుకు. పీక్‌దాన్ వాసన చూసిన ఆవిడ నయం. ఆవిడను ఎవరూ మోసం చేయలేదు.

ఏం అవసరం వచ్చి అమ్మావో నేను అడగను. అడిగితే ఒక అబద్ధం చెబుతావు, దాన్ని కూడా నేనే మోయాలి. గంట పోయినందుకు కాదు నా బాధ. 'ఇంట్ల ఎవ్వరు దేకరు' అన్నావు చూడు, ఆ ఎవ్వరూ అన్నది నేనే. అది నాకు బాగా తగిలింది.

ఇప్పుడు నేను చేసింది కూడా విను. మళ్లీ చౌటుప్పల్ పోయేటప్పుడు మా నాయిన పెళ్లికి పెట్టిన రేడియో పట్టుకుపోయాను. అదే, నువ్వు తువ్వాల కప్పి పెట్టేది, నీ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడనియ్యనిది. డానియల్‌కు ఇచ్చి గంట తీసుకున్నాను. ఆయన మంచివాడు, "ఇంట్ల అడిగి తెచ్చినవా అమ్మా" అన్నాడు. "ఇంట్ల దీన్ని ఎవ్వరు దేకరు" అన్నాను.

మా తమ్ముడు పర్వతాలు కొన్ని గొర్రెలనూ ఒక పొట్టేలునూ పాలుకు ఇచ్చాడు. పుట్టిన పిల్లల్లో సగం వాడికి, సగం మనకు. మూడు రోజులు గంటను చూసి బెదిరింది ఆ పొట్టేలు. ఇప్పుడు దాని వెనక మంద, మంద వెనక నేను. మోకాళ్లు నొస్తాయి, అయినా నడుస్తున్నాను.

దసరాకు రా, రావొద్దని అనను. పొట్టేలుకు గంట కట్టే పని అయిపోయింది కాబట్టి దాని గురించి ఆలోచించకు. ఆ ఇనుప ముక్కను మళ్లీ గొంగడిలో కట్టి, అదే ముడి వేసి అటక మీద పెట్టాను. ఇకనుంచి శుక్రవారం ఊదు నువ్వు వేద్దువు.

ఇట్లు,
ఇంట్లో ఉన్న ఆ ఎవ్వరూ,
సురేశ్ వాళ్లమ్మ అండాలు.