కెప్టెన్‌గారి టీ

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను, లైట్‌హౌస్‌లో దయ్యం ఉందని బెంగ పెట్టుకోకు.

ఒకప్పుడు ఇక్కడ దీపం ఆరిపోయి ఓ ఓడ మునిగిందట. ఆ కెప్టెన్ ఇప్పటికీ దీపం చూసుకోవడానికి పైకొస్తాడని నాతో ఇక్కడ పనిచేసే పెద్దాయన రోజూ అక్కడ గ్లాసుడు టీ పెడతాడు. అది నాకే అనుకుని నేను తాగేస్తూ వచ్చాను. "నువ్వొచ్చాక కెప్టెన్‌గారు చుక్క మిగల్చడం లేదురా" అని ఆయన మురిసిపోతుంటే, తాగేది నేనేనని చెప్పకుండా మర్నాడూ తాగేశాను.

నిన్న జ్వరమొచ్చి నేను పైకెక్కలేదు. అయినా గ్లాసు ఖాళీ. ఇక్కడుండేది మేమిద్దరమే, పెద్దాయనకేమో టీ పడదు.

జ్వరం తగ్గిందిలే. నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది? చెల్లికి ఆశీస్సులు.

నా స్టీలు గ్లాసు మీద పేరు చెక్కించి వెంటనే పంపించు. ఓడ నడిపిన మనిషి, చదువొచ్చే ఉంటుంది.

నీ పెద్దాడు