రాధక్క కంప్యూటర్‌లో మామిడి పిందెల అంచు

బుధవారం, లింబాయత్

పోయిన వారం నా కంప్యూటర్‌లో డబ్బు కట్టకుండా వాడుతున్న దొంగ విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నాను. ఇక నా గదిలో దొంగ సొత్తు లేదని గల్లీ అంతా గొప్పలు చెప్పుకున్నాను. అది విని, నాలాగే చీరల డిజైన్లు గీసే రాధక్క ఈ రోజు పిలిచింది.

"నాకు గూడ గదే ఎక్కియ్యి తమ్మీ. ఫ్రీ అంటున్నవ్, దొంగది గాదంటున్నవ్."

పాతది చెరిపే ముందు ఆమె ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీస్తూ ఒకటి తెరిచాను. మామిడి పిందెల అంచు. పొద్దున బట్టల మార్కెట్ సేఠ్ ఏదో చీర ఫోటో పంపి, రంగు మార్చి అచ్చం అలాగే గీయమంటే గీసిచ్చాను. అదే అంచు. ఇక్కడ అందరూ చేసేదే, ఎవరి డిజైనని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

"గది గీసెతందుకు నా కండ్లు పోయినయ్ తమ్మీ," అంది మురిసిపోతూ. "నా బొమ్మలు పైలమే గద?"

"పైలమే అక్కా," అన్నాను.

లినక్స్ ఎక్కినంతసేపూ నేను తెర మీంచి కళ్లు తిప్పలేదు. ఆమె ఇచ్చిన చాయ్ కూడా తాగాను.

ఇందాక సేఠ్ మెసేజ్ పెట్టాడు. అదే అంచు ఇంకో రంగులో కావాలట. గీయనని రాయడానికి ఇంతవరకూ చెయ్యి రాలేదు.