తెట్టు చెదరని కాఫీ

మంగళవారం, రాత్రి

పొద్దున నిర్మాత భారతిగారు కృష్ణానగర్‌లో మా గదికే వచ్చారు, నా కథ వినడానికి. ఎవరింటికెళ్ళినా ఆవిడ కాఫీ చుక్క మిగల్చరని ఇక్కడ అందరికీ తెలుసు. ఆ కంగారులో ఫిల్టర్‌లో పొడి మరీ గట్టిగా అదిమేశాను. డికాక్షన్ దిగితే ఒట్టు!

"ఇంకెంతసేపు గా ఫిల్టర్ ముంగట కూసుంటవ్? జర ప్రెస్‌ల చెయ్యరాదే," అంది నాతో గదిలో ఉండే స్వరూప. పొడిని వేడినీళ్ళలో నానబెట్టి, పైనుంచి జల్లెడతో నొక్కే ఫ్రెంచ్ ప్రెస్‌లో చేశాను. పాలు పోయగానే నీళ్ళలా అయిపోయింది. చివరికి గిన్నెలో పొడి మరిగించి, గుడ్డలో వడగట్టి ఇచ్చాను.

కథ మొదలుపెట్టాను. ఇంటర్వెల్ దాటినా ఆవిడ గ్లాసు ముట్టుకోలేదు. ఇక నా చూపంతా ఆ గ్లాసు మీదే. క్లైమాక్స్‌లో తడబడ్డాను. ఒక సీను వదిలేశాను కూడా.

"రేపు ఫోన్ చేస్తానమ్మా," అని లేచి వెళ్ళిపోయారు.

కాఫీ మీద కట్టిన తెట్టు చెదరనైనా లేదు.

"వాసన నచ్చక ముట్టలేదు గావచ్చు," అంది స్వరూప.

ఉండబట్టలేక ఆ చల్లారిన కాఫీనే ఒక గుక్క తాగాను. బాగుంది. నిజంగా బాగుంది.

మరి కథలో పడి కాఫీ మరిచిపోయారా? అదే నిజమైతే, ఆ గ్లాసును చూస్తూ కథను మరిచిపోయింది నేను...