నూరో పిల్లాడు

9 ఫిబ్రవరి 2005

ఉద్యోగం దొరికింది. ఫీల్డ్ వర్కర్. స్కూలు గ్రౌండులో వేసిన సునామీ క్యాంపులో ముప్ఫై రేకుల షెడ్లు, ప్రతి షెడ్డులోనూ కారే ముక్కులే. రామ్‌ప్రసాద్ అనే డాక్టరు హైదరాబాద్ నుంచి వచ్చి పిల్లల జలుబు సిరప్ మీద ట్రయల్ చేస్తున్నాడు. సగం మందికి ఎర్ర మూత సీసా, సగం మందికి నీలం మూత సీసా. ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో ఉత్త చక్కెర నీళ్ళు. ఏది ఏదో ఆయనకీ తెలియదట, ఆ గుట్టున్న కవరు చివర్లో విప్పుతారట. తల్లులు సిరప్ పోస్తారు. ఏడు రోజులూ నేను వెళ్ళి ముక్కు చూసి ఫారంలో టిక్కు పెట్టాలి. ఆ వారం పిల్లలకి ఇంకే మందూ వేయకూడదు.

జలుబుకి మందు వేస్తే వారంలో పోతుందనీ, వేయకపోతే ఏడు రోజులు పడుతుందనీ జోకు వేశాడు. నవ్వాను. మంచివాడే అనిపించింది.

16 ఫిబ్రవరి

తొంభై తొమ్మిది మంది పిల్లలు దొరికారు. నూరు కావాలి. మీ ఇంట్లో ఎవరూ లేరా ఏమ్మా అని అడిగాడు.

లోహిత్ ఉన్నాడు. మా లహరి అక్క కొడుకు, మూడేళ్ళు. అక్కనీ బావనీ కింది దీవిలో, క్యాంప్‌బెల్ బేలో, సముద్రం తీసుకుపోయింది. వీణ్ణి ఎవరో షిప్పెక్కించి పంపితే ఇక్కడ బతు బస్తీలో మా ఇంటికి చేరాడు. నిన్నటి నుంచి తుమ్ముతున్నాడు. నేనే పేరు రాశాను. నంబర్ 100.

19 ఫిబ్రవరి

వాడికి జ్వరం. చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. క్యాంపుకి ఎత్తుకెళ్ళాను. డాక్టరు చెవిలోకి కనీసం టార్చి వేసి చూడలేదు. ఉత్త జలుబేనన్నాడు. యాంటీబయాటిక్ వేస్తే ట్రయల్ నుంచి పేరు కొట్టేయాలట, లెక్క మళ్ళీ తొంభై తొమ్మిదికి వస్తుందట. ఇంకో మూడు రోజులు ఓపిక పట్టమన్నాడు.

పట్టాను. పెద్ద డాక్టరు కదా.

20 ఫిబ్రవరి

పిన్నీ పిన్నీ అని ఏడుస్తూనే ఉన్నాడు.

23 ఫిబ్రవరి

చెవిలోంచి చీము. పెద్దాసుపత్రికి పరుగెత్తాను. అక్కడి డాక్టరమ్మ ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావని తిట్టింది.

2 మార్చి

ఎడమ చెవి ఇక వినిపించదట.

రామ్‌ప్రసాద్‌కి చెప్పాను. అయ్యో అన్నాడు. ఆ వెంటనే, నంబర్ 100 ఫారంలో ఏడు రోజులూ నింపావా అని అడిగాడు.

నింపానన్నాను. సముద్రం మీద నాకు కోపం రాలేదు, దానికేం తెలుసు. ఈ డాక్టరుకి తెలుసు. వీణ్ణి వదలను. నన్ను నేను క్షమించుకోవడం సంగతి తర్వాత చూసుకుంటాను, ముందు వీడు.

4 మార్చి

ఖాళీ సీసాలు తిరిగి తెమ్మంటే వెళ్ళాను. గవరమ్మ షెడ్డు ముందు మూతలన్నీ ఒక కుప్ప, సీసాలన్నీ ఒక కుప్ప. గవరమ్మంటే క్యాంపులో అందరికీ వండిపెట్టే పెద్దావిడ. ఇదేంటని అడిగాను. మొదటి రోజు నుంచీ తల్లులందరి సీసాలూ తెప్పించి ఒక్క స్టీలు క్యానులో పోసేసిందట. అందులో మిరియాల కషాయం కూడా కలిపిందట. పిల్లలందరికీ తలా ఒక గరిటె. బియ్యం ఒక్క గుండిగలోనే ఉడుకుతన్నాయి, దుప్పట్లు పంచుకు కప్పుకుంతన్నాం, మందుకాడ ఒకడికి ఎర్రదీ ఒకడికి నీలందీ ఏటమ్మా, పిల్లల మధ్య ఆ తేడా ఎందుకూ అంది. దీదీ, ఆ నల్లది ఘాటుగా ఉంది కానీ బాగుంది అని ఒక పిల్ల చెప్పింది.

అంటే ట్రయల్ మొత్తం బూడిద. వెళ్ళి చెప్పడం నా డ్యూటీ.

చెప్పలేదు. ఫారాలు కట్ట కట్టి ఇచ్చేశాను. కార్బన్ కాపీలు మాత్రం నా ట్రంకు పెట్టెలో దాచాను. కట్టుకోనీ మేడ. ఎంత ఎత్తు కడితే అంత మంచిది.

14 నవంబర్ 2006

కట్టాడు. ఇంటర్నెట్ కేఫ్‌లో గంటసేపు కూర్చుని పేపరు మొత్తం చదివాను. పెద్ద జర్నల్. ఎర్ర మూత పిల్లలకి జలుబు రెండు రోజులు ముందే తగ్గిందట. సిరప్ త్వరలో మార్కెట్‌లోకి వస్తుందట.

మా లోహిత్ తప్ప అందరూ తాగింది ఒక్క క్యానులోది. నా కాపీల్లో ఎర్రవాళ్ళకీ నీలంవాళ్ళకీ తేడా లేదు, అందరికీ ఐదు రోజులే. మరి ఆ రెండు రోజులు ఎక్కడివి? వాడి బుర్రలోవి. కేఫ్‌లోనే పైకి నవ్వేశాను. పక్క సీటు భయ్యా నాకేమైందోనని చూశాడు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాల్సిందే.

3 డిసెంబర్

జర్నల్‌కి ఉత్తరం రాశాను. పేరు పెట్టలేదు. పిల్లలు నిజంగా ఎవరి సీసా వాళ్ళే తాగారా, ఆయన్నే అడగండి అని ఒక్క ముక్క. ముందు వాడు కొన్నాళ్ళు నిద్రలేకుండా ఉండాలి.

20 ఫిబ్రవరి 2007

గవరమ్మ ఇప్పుడు షాదీపూర్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. వెళ్ళి అంతా చెప్పాను. బయటపెడితే నీ పేరూ వస్తుందన్నాను. నా సేతుల్తోనే కలిపాను, నా పేరే రాసీ, నాకేటి భయం అంది. ఆ గుంటడి సెవికి ఎవుడో ఒకడు జవాబు సెప్పాల గదా అంది.

11 మార్చి, ఉదయం 7

రేపు వస్తున్నానని రామ్‌ప్రసాద్ ఫోను. మధులతగారూ అంటున్నాడు. అప్పుడు ఏమ్మా, ఇప్పుడు గారూ. గొంతు తేలు కుట్టిన దొంగలా ఉంది. ప్రతి పిల్లా తన సీసాలోది మాత్రమే తాగినట్టు నేనొక కాగితం మీద సంతకం పెట్టాలట. జర్నల్‌వాళ్ళు ఊరికే అడుగుతున్నారట, ఫార్మాలిటీ అట.

సరే రమ్మన్నాను. ముందు లోహిత్‌కి సారీ చెప్పాలన్నాను. దానికేం భాగ్యం అన్నాడు.

12 మార్చి

వచ్చాడు. స్వీట్ల డబ్బా తెచ్చాడు. లోహిత్ పక్కన వంగి, ఎడమ చెవిలో సారీ చెప్పాడు. పిల్లాడు నా వైపు చూసి నవ్వాడు, ఏమన్నాడు పిన్నీ అని అడిగాడు.

ఏ చెవి అని ఒక్కసారి అడిగి ఉంటే సంతకం పెట్టేసేదాన్నేమో. అడగలేదు.

కాపీలు నూరూ జర్నల్‌కి పంపే కవర్లో పెట్టాను. ఈసారి నా పేరు రాశాను.