కోచ్‌ను అడగవలసిన ఒక్క ప్రశ్న

మిసిసిపీ, అక్టోబరు 14

చెల్లీ వెర్నా,

నేను కులాసాగానే ఉన్నాను, అరిచి అరిచి గొంతు మాత్రం పోయింది.

శనివారం మా కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు, ఎప్పటిలాగే స్టేడియం బయట కార్ల పక్కన మాంసం కాలుస్తూ మనవాళ్లు చర్చకు దిగారు. పోయిన వారం ఆటలో తలకు దెబ్బ తగిలిన మన జట్టు కుర్రాడు కోయ్‌ని ఆడించాలా, వద్దా?

"తూలాడు గానీ పడలేదు కదా!" అన్నాడు మా పక్కింటి హార్లన్.

"డాక్టరేమన్నాడో ఎవరైనా అడిగారా?" అన్నాను.

"నీ కార్మిక యూనియన్ గోల ఇక్కడొద్దు తల్లీ, ముందు ఆ ముక్క తిను!" అన్నాడతను.

చేతులెత్తించారు. ఆరుగురు ఆడించాలన్నారు, వద్దన్నది నేనొక్కదాన్నే.

కోచ్ కూడా ఆడించాడు. రెండో సగంలో కోయ్ నడుచుకుంటూ వెళ్లి, తర్వాతి ఎత్తు మాట్లాడుకుంటున్న ఎదుటి జట్టువాళ్ల గుంపులో, తన జట్టే అనుకుని, తల వంచుకు నిలబడ్డాడు. జనం నవ్వారు. ఆ జట్టువాడే ఒకడు చెయ్యి పట్టుకుని వాడిని బయటికి తీసుకొచ్చాడు.

ఇంటికొస్తూ హార్లన్ అడిగాడు: "మరి వచ్చే వారం ఎవర్ని దింపుతారంటావ్?"

ఆ కోచే మన డ్యూయీని జట్టులో చేర్చుకోవడానికి గురువారం మీ ఇంటికి వస్తున్నాడట. వెంటనే మీ అబ్బాయిని సంతకం పెట్టనివ్వకు. తలకు దెబ్బ తగిలితే మళ్లీ దించేదీ లేనిదీ తేల్చేది డాక్టరా, మీరా అని కోచ్‌నే అడుగు. జవాబు కాగితం మీద రాసిమ్మను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? నా ఉన్నికోటు మీ దగ్గరుంటే పంపు.

డ్యూయీకి నా దీవెనలు. అడ్డుపడ్డది నేనేనని చెప్పు, తిట్టుకోనీ. తిట్టడానికి వాడికి నా పేరు గుర్తుంటే చాలు.

నీ అక్క,
ఆర్డెల్