ఇరవై లోపు

మార్చి 3

మా మరిది భార్యకి ఎనిమిదో నెలలోనే ఉమ్మనీరు కారుతోందని నేను పనిచేసే హాస్పిటల్లోనే అడ్మిట్ చేశారు. బిడ్డ ఇంకా చిన్నగా ఉంది, ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకుంటూ కొన్నాళ్ళు ఆగుదామందట డాక్టరమ్మ. అందుకని రోజూ రక్తపరీక్ష. ఆ రక్తం వచ్చేది ల్యాబ్‌లో నా మెషీన్‌కే. ఇంట్లో మహారాణి గారి సేవ చాలనట్టు ఇక్కడ కూడా.

ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్పీ ఇవాళ 4.8. ఇరవై దాటితేనే ఫోన్ చెయ్యమన్నారు.

మార్చి 4

7.1.

అత్తయ్య బత్తాయిలు ఒలిచి, గింజలు తీసి మరీ మహారాణికి పెడుతోంది. నేను వార్డులో ఉన్న పది నిమిషాల్లో నా వైపు చూసింది ఒక్కసారి. తొక్కలు పారెయ్యమని.

మార్చి 5

9.4. తెల్లకణాలు కూడా పెరిగాయి, కానీ బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చిన ఇంజెక్షన్‌కి అవి ఎవరికైనా పెరుగుతాయి.

రాసేస్తాను, ఎవరు చూడొచ్చారు. నాకు కుళ్ళు. దాని కడుపు చూసి కాదు, దాని రక్తం ట్యూబులు చూసి. రెండేళ్ళ క్రితం ఆరో నెలలో నాకు ఒళ్ళు కాలిపోతుంటే జలుబే అంది అత్తయ్య. మా ఆయన సరే అన్నారు. ల్యాబ్‌లో పనిచేసే నేను కూడా సరే అన్నాను. ఎవరూ సూది గుచ్చలేదు. మూడో రోజుకి బిడ్డ దక్కలేదు. దీనికేమో రోజుకో ట్యూబు, మంచం చుట్టూ నలుగురు. పైగా, నీ చేతిలో నా రిపోర్టు ఉంటే నాకు ధైర్యం అక్కా అంటుంది. ఒక్కరోజు ఆ నంబరు పెరిగి ఆ నవ్వు మొహం మాడిపోతే చూడాలనుంది.

మార్చి 6, ఉదయం 10:40

18.2. మెషీన్ తప్పేమోనని మళ్ళీ పెట్టాను. 18.4.

ఇరవై లోపే. జ్వరం లేదు, నొప్పి లేదు, పొద్దున టిఫిన్ కూడా తిందట. రిపోర్టు పంపే బటన్ నొక్కితే నా పని అయిపోతుంది. వార్డుకి వెళ్ళే కాగితం మీద ఇవాళ్టి నంబరొక్కటే ఉంటుంది. డ్యూటీ డాక్టర్లు రోజుకొకరు. నన్నెవరూ ఒక్క మాట అనరు.

10:55

పేజీ వెనక్కి తిప్పాను. 4.8, 7.1, 9.4, 18.2. ఒక్కరోజులో దాదాపు రెట్టింపు. కంప్యూటర్లో వెతికితే దొరుకుతాయి, వెతికేదెవరు. వరసగా రాసి ఉన్నది ఈ డైరీలోనే, అదీ కుళ్ళుతో.

పదిహేను నిమిషాలు ఫోన్ ఎత్తకుండా కూర్చున్నాను. అది కూడా రాస్తున్నాను.

సాయంత్రం (వర్క్‌లిస్టు కాగితం వెనక)

ఫోన్ చేస్తే, ఇరవై లోపే కదా అంది డాక్టరమ్మ. డైరీ పట్టుకుని మూడంతస్తులు ఎక్కాను. నంబర్ల చుట్టూ ఉన్న రాతల సంగతి మెట్ల మీద గుర్తొచ్చింది. ఆగలేదు. ఆవిడ నిలబడే మొత్తం చదివింది. మళ్ళీ రక్తం తీయించింది.

ఒంటిగంటకి 36. అప్పటికి జ్వరం మొదలైంది. రెండున్నరకి ఆపరేషన్. ఆడపిల్ల, కిలోన్నర పైన ఉంది. లోపల ఇన్ఫెక్షన్ ఉందట, రేపటిదాకా ఆగుంటే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదేమో అన్నారు. అత్తయ్య డాక్టరమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. నా చేతులు కాదు. దానికీ కుళ్ళుకున్నాను.

డైరీ కేస్ షీట్‌తో పాటు వార్డులోనే ఉండిపోయింది.

మార్చి 7 (అదే కాగితం)

వార్డు వైపు కాళ్ళు పోవట్లేదు.

మార్చి 9

నర్సు డైరీ తెచ్చిచ్చింది. కాగితం ఇందులో అంటించాను. అయిదో తారీఖు కింద నాది కాని రాత, పడుకుని రాసినట్టు వంకరగా:

"అక్కా, మొత్తం చదివాను. రెండు రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. పాప నంబరు కూడా నువ్వే రాయి."

పాప సీఆర్పీ 2.1.