తాడు గట్టిగ కట్టు బిడ్డా

ఖానాపూర్,
11-8-1986

అవ్వకు మొగిలి దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. బెల్లంపల్లి క్వార్టర్‌లో నువ్వూ, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న చెల్లె సరోజనా బాగున్నారని అనుకుంటున్నాను.

మోకాళ్ల నొప్పి తగ్గిందా? వేళకు తింటున్నానా అని అడిగావు. చేపలు తిని తిని విసుగొచ్చింది, నీ పచ్చిపులుసు మీదికి మనసు పోతోంది. పనేమిటని కూడా అడిగావు. ప్రాజెక్టు నీళ్ల మీద వెదురు చట్రాలు తేలుతుంటాయి. వాటి కింద వల, వలలో చేపపిల్లలు. మూలమూలకూ ఖాళీ డ్రమ్ములు కట్టి తేలుస్తాం. కొట్టుకుపోకుండా, నీటి అడుగుకు దించిన బండల తాళ్లను చట్రాల అంచులకు కడతాం. బొగ్గు బాయిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు లాగే తాడుకు ముళ్లు వేసినవాడినని మేస్త్రీ బాలమల్లు ఆ పని నాకే ఇచ్చాడు.

"నీళ్లల్లకు పోతలేవు గదా కొడుకా" అని రాయించావు. ఒడ్డు మీదే పని అని పోయిన ఉత్తరంలో రాశాను. అబద్ధం అవ్వా. రోజూ పడవలో నడిమధ్యకు పోతాను. నాకు ఈత రాదు. బాయిలో భయమేస్తే చెయ్యి చాచి గోడ పట్టుకునేవాణ్ణి. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు.

సరోజనా, ఇక్కడినుంచి అవ్వ పక్కన కూర్చొని చదువు.

తాడు సడలి టబ్బులు మీదికి వచ్చి బాపు పోయిన రోజు నుంచీ నేను తాడు వదులుగా కట్టలేను. నువ్వు కూడా ప్రతి ఉత్తరం చివర అదే రాయిస్తావు: "తాడు గట్టిగ కట్టు బిడ్డా." పన్నెండు చట్రాలకూ గట్టిగానే కట్టాను. నీళ్లు లేస్తే చట్రం కూడా లేవాలి, నాలుగు బారలు వదులు పెట్టమని మేస్త్రీ చెప్పాడు. ఊఁ అన్నాను. చేతులు వినలేదు.

మొన్నటి ముసురుకు నీళ్లు లేచాయి. అన్నిటికన్నా బిగువుగా కట్టిన చట్రం లేవలేక ఒక పక్కకు మునిగింది. దాని మీద చేపలకు మేత వేస్తున్న తోటి కూలి అంతయ్య జారి వల కిందికి పోయాడు. జుట్టు పట్టి లాగారు. నీళ్లు కక్కి బతికాడు. డ్రమ్ముకు చిల్లు పడిందని అందరూ అనుకున్నారు. రెండు రోజులు నేను నిజం దాచాను.

తాడు వదులు పెట్టనిది నేనేనని ఈ పొద్దున అంతయ్యకు చెప్పేశాను.

"ముంచినోడివి నువ్వే, ఇప్పేటోడివి నువ్వే. గా ముడి ఇంకెవరికి రాదు. నడు, నీ నడుం నేను పట్టుకుంట" అన్నాడు.

ఇంకా పదకొండు చట్రాలున్నాయి. మళ్లీ మబ్బు పట్టింది. అంచు మీద బోర్లా పడుకొని నీళ్లలో చేతులు పెట్టి ముళ్లు విప్పి, తాడు వదులు పెట్టి మళ్లీ కట్టాలి. చాలా భయంగా ఉందవ్వా. నీళ్లంటేనే కాదు, తాడు వదలాలంటే భయం.

ఈసారి ఉత్తరంలో "వదులు పెట్టు బిడ్డా" అని రాయించు. నీ మాటైతే నా చేతులు వింటాయి. కానీ నీ జవాబు వచ్చేదాకా నీళ్లు ఆగవు. అంతయ్య ఒడ్డు నుంచి పిలుస్తున్నాడు. ఆ మాట నువ్వు అన్నావనే అనుకొని పడవ ఎక్కుతున్నాను.

ఇట్లు,
నీ మాట ఎన్నడూ దాటని కొడుకు,
మొగిలి